లెక్కలోకి రావడం

డెబ్భై, ఎనభైల్లో ఏ ఊళ్ళో చూసినా సాయంత్రం ఆటకు బయల్దేరిన పిల్ల చంకలో ఇంకో పిల్ల ఉండేది. చెల్లినో తమ్ముణ్ణో వెంటబెట్టుకుని పోతేనే ఆటకు పంపుతామని అమ్మల షరతు. నాలుగేళ్ళు నిండని ఆ బుడంకాయ ఏం పరిగెడుతుంది? పక్కన కూచోబెడితే ఏడుపు. ఏడిస్తే ఇంటికి కబురు. కబురు వెళ్ళిందంటే ఆ పూటకి ఆట కట్టు. ఈ తలనొప్పికి వీధి పిల్లలు కనిపెట్టిన మందు ‘ఆటలో అరటిపండు’.

అరటిపండు అందరితో పాటే పరిగెడుతుంది, అందరితో పాటే దాక్కుంటుంది. దొంగ పట్టుకున్నా అవుట్ కాదు. గడ్డివామి చాటునుంచి తల బయటపెట్టి ‘నేనిక్కడున్నా’ అని అరిచినా, దొంగ చూడనట్టే వెళ్ళిపోవాలి. ఈ సంగతి ఆ అరటిపండుకి తప్ప అందరికీ తెలుసు. దానికి చెప్పకూడదు. పట్టుమని పదేళ్ళు లేని పిల్లలు అంత గుట్టు ఎలా నిలబెట్టేవారోగాని, నిలబెట్టేవారు. ఇప్పటికీ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో క్రికెట్ ఆడే పిల్లలు ఒక బుడ్డోడి చేతికి బ్యాట్ ఇచ్చి, కింద నుంచి బంతి దొర్లించి, వికెట్ పడినా లెక్కపెట్టకుండా ‘నాటౌట్’ అంటూ ఉంటారు. పెద్దలెవరూ నేర్పిన పద్ధతి కాదది.

మా తరం మనుషుల్లో పడిన తీరంతా ఈ అరటిపండు వ్యవహారంలాగే సాగింది. ముందు అందరి మధ్యా ఉంటూనే లెక్కలో లేకుండా తిరగడం. ఆ తర్వాత ఒక్కో చోట ఒక్కో ఏడు లెక్కలోకి రావడం. ఆటలో ఒకప్పుడు, బంతి భోజనంలో ఇంకొకప్పుడు, బస్సులో మరొకప్పుడు. ‘నువ్వు ఫలానా’ అని ఎవరూ కూచోబెట్టి చెప్పిన పాపాన పోలేదు. పక్కవాళ్ళ లెక్కలో పడుతూ పడుతూ ఎవరికి వాళ్ళకే తెలియాలి.

ఆటలో ఆ లెక్క పంటల దగ్గర తేలేది. ముగ్గురు ముగ్గురుగా నిలబడి చేతులు పట్టుకుని పైకీ కిందికీ ఊపుతారు. ఊపి వదిలి, ఎవరికి వాళ్ళు ఎడం అరచేతి మీద కుడిచెయ్యి వేస్తారు, బోర్లాగానీ వెల్లకిలాగానీ. ఇద్దరిది ఒకలా పడి ఒకరిది వేరుగా పడితే ఆ ఒక్కరూ పంట. హాయిగా వెళ్ళి అరుగు మీద కూచోవచ్చు. ముగ్గురిదీ ఒకలాగే పడితే మళ్ళీ ఊపాలి. ఆఖరికి ఇద్దరే మిగిలితే, ముందే పంటైపోయిన వాళ్ళొకరు వచ్చి సాయం చెయ్యి వేస్తారు. చివరికి ఎవరు మిగిలితే వాళ్ళే దొంగ.

తగాదాలన్నీ ఆ చెయ్యి పడే క్షణంలోనే. రెప్పపాటు ఆలస్యంగా వేస్తే పక్కవాళ్ళవి చూసి వేసినట్టు, అది చెల్లదు. అంతకంటే పెద్ద దొంగతనం ఇద్దరు కూడబలుక్కోవడం. ఒకరు బోర్లా, ఒకరు వెల్లకిలా వేయాలని ముందే అనుకున్నారంటే, మూడోవాడు ఏది వేసినా ఆ ఇద్దర్లో ఒకరు పంట కావడం ఖాయం. మూడోవాడు ఏ ఊపులోనూ గట్టెక్కడు. ఎందుకలా జరుగుతోందో వాడికి అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టేది. అర్థమైన రోజున వాడు చేసే మొదటి పని తనకూ ఒక జతగాణ్ణి వెతుక్కోవడం. అందుకే బుద్ధిమంతులైన పెద్దపిల్లలు అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని ఒకే ముగ్గురిలో నిలబడనిచ్చేవారు కారు.

అరటిపండుని పంటల్లోకి రానిచ్చారంటే దానికి ఆ పూట కొత్త జన్మ. సాధారణంగా మొదటిరోజే దొంగ అవుతుంది, చేతులు వేసే ఒడుపు తెలియదు కాబట్టి. ఏడ్చుకుంటూ ఇంటికి పోయిందా, ఇంకో ఆర్నెల్లు అరటిపండే. ముక్కు చీదుకుని స్తంభం దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టిందా, అప్పట్నుంచి దాని పేరుతో పిలిచేవారు. అంతకు ముందు అది ‘రమణ చెల్లెలు’.

షికాగో విశ్వవిద్యాలయంలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఇదే విషయం పాఠం చెప్పాడు. ఆయన పోయాక 1934లో ఆ పాఠాలు అచ్చయ్యాయి. పసిపిల్లలు మొదట ఒక్కొక్కరి వేషమే వేస్తారు: కాసేపు అమ్మ, కాసేపు పోలీసు, కాసేపు కొట్టువాడు. నియమాలున్న ఆటలోకి వచ్చాక మాత్రం ఆడే అందరి స్థానాలూ ఒకేసారి బుర్రలో ఉండాలి. అప్పుడే అందరి కళ్ళతో తనను తాను చూసుకోవడం అలవాటవుతుంది. ఇదీ ఆయన మాట. ఆయన చూపించింది బేస్‌బాల్ ఆట. మనకు ఏడుపెంకులాట చాలు. ఏడు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, బంతితో కొట్టి పడగొట్టాలి. పడగొట్టిన జట్టు మళ్ళీ పేర్చేలోపు రెండో జట్టువాళ్ళు బంతితో వీపు మీద కొడితే అవుట్. ఇక్కడ పరుగు ఒక్కటే వస్తే చాలదు. బంతి ఎవరి చేతిలో ఉంది, మనవాళ్ళలో ఎవరు వాళ్ళను కవ్వించి పక్కకు లాగుతున్నారు, పెంకుల దగ్గరకు ఎవరు చేరువలో ఉన్నారు, పెద్ద పెంకు అడుక్కి వెయ్యకుండా ఎవరు తొందరపడుతున్నారు, ఇదంతా పరిగెడుతూనే చూసుకోవాలి. ఆట ఇంకా ఎక్కని పిల్లాడు ఏం చేస్తాడంటే, ఒక పెంకు తీసుకుని దూరంగా పారిపోతాడు. బంతి తగలకూడదని చెప్పారు కదా, అందుకని!

ఆ ముందు దశ, ఒకరి వేషం వేసే దశ, గుజ్జనగూళ్ళల్లో కనబడేది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క పూసిన పిడతలు తిరనాళ్ళలో కొనేవారు. చిన్న రోలు, తిరగలి, పొయ్యి, గంగాళం, బిందె. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఇసక బియ్యం పోసి, గోరింటాకు కూర వండుతూ ఆరేళ్ళ పిల్ల పక్కనున్న నాలుగేళ్ళవాణ్ణి అడుగుతుంది: ‘ఇంత పొద్దుపోయి వచ్చారేం? అన్నం చల్లారిపోయింది.’ వాడు మొహం మాడ్చుకుని, ‘నాకు ఆకలి లేదు’ అని అటు తిరిగి కూచుంటాడు. ఆ ఇంట్లో ఎవరు ఎవరితో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో తెలియాలంటే వాకిట్లో ఆ పావుగంట నిలబడితే చాలు. గుమ్మంలోంచి విన్న తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

ఇక పేరు సంగతి. ఇరవై ఒకటో రోజు బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, బంగారపు ఉంగరంతో రాసిన పేరు చాలా ఇళ్ళల్లో ఆ పళ్ళెంలోనే ఉండిపోయేది. తాత పేరు పెడతారు. కోడలు మామగారి పేరు పలకకూడదు, మరి సొంత కొడుకుని ఎలా పిలుస్తుంది? ‘బుజ్జీ’, ‘అబ్బాయీ’, ‘పెద్దాడా’. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పేరు పెట్టి తిడితే పోయిన పెద్దాయన్ని తిట్టినట్టవుతుంది. అందుకని తిట్టడానికి వీలైన పేరొకటి తప్పనిసరి. వరసగా పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినవాణ్ణి పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అనేవారు. చేటెడు తవుడుకి అమ్మినట్టు చేసి తవుడు అనేవారు. యముడి కళ్ళల్లో పడకుండా విలువ తగ్గించి చూపించడమన్నమాట. బడిలో ఆ పేరు పిలిచినప్పుడు పక్కవాళ్ళు నవ్వేవారు. ఆ పేరు వెనక ఎన్ని ఏడుపులున్నాయో తెలిసే వయసు కాదు పాపం, నవ్వేవాడిదీ, నవ్వించుకునేవాడిదీ.

వీధిలో మాత్రం ఏ పేరూ పనికొచ్చేది కాదు. ‘ఎవరబ్బాయివిరా?’ అని అడిగితే పేరు చెప్పడం అమాయకత్వం. అడిగిందది కాదు. ఇంటిపేరు, తాత పేరు, ఏ వీధి, ఇంకా తేలకపోతే ‘చింతచెట్టు పక్క ఇల్లు’. తాతను తెలిసినవాళ్ళైతే మొహం విప్పారుతుంది, ‘అదీ, ముక్కు అలాగే ఉంది’ అంటారు. ముక్కు కూడా మనది కాదని అప్పుడు తెలిసేది.

బళ్ళో చేరేటప్పుడు వయసు రుజువు కాగితంతో కాదు, చెవితో. కుడిచెయ్యి నెత్తి మీదుగా తెచ్చి ఎడమ చెవి అందుకోవాలి. పసితనంలో తల పెద్దది, చెయ్యి పొట్టిది. అయిదారేళ్ళు వస్తేగాని వేళ్ళు చెవిదాకా పోవు. తల పక్కకు వంచితే ముందే అందుతుంది. ఆ మోసం తెలిసిన మాస్టారు గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెట్టేవారు. సన్నగా పొడుగ్గా ఉన్న పిల్లలకు ఏడాది ముందే అందేది, బొద్దుగా ఉన్నవాళ్ళు ఏడాది ఆగేవారు. చెవి అందాక పుట్టినతేదీ మాస్టారే వేసేవారు. వానలు మొదలై బళ్ళు తెరిచే రోజులు కాబట్టి జూన్ 1, జూలై 1 లాంటి తేదీలు చేతికి వచ్చేవి. మా తరం వాళ్ళ పదో తరగతి సర్టిఫికెట్లు ఒకచోట పోస్తే ఆ రెండు తేదీల్లో దేశమంతా పురుళ్ళే అనిపిస్తుంది. ఇంట్లో అసలు పుట్టిన తిథి వేరు. ‘తుపాను వచ్చిన ఏడు, కార్తీకంలో, మంగళవారం’.

మూడో వయసు బస్సుది. పన్నెండేళ్ళు దాటితే ఫుల్ టికెట్. కండక్టరు వస్తుంటే అమ్మ మోకాలు గిల్లేది. కూచున్నవాణ్ణి లేపి ఒళ్ళో కూచోబెట్టుకునేది, కాళ్ళు నేలకు తగులుతున్నా. కండక్టరు పిల్లాణ్ణే అడుగుతాడు, వాళ్ళూ తెలివైనవాళ్ళే: ‘ఏం చదువుతున్నావురా?’ ఎనిమిదంటే దొరికిపోయినట్టే. పదమూడేళ్ళవాడు ఆరో తరగతి అని అబద్ధం ఆడాలి, అదీ బస్సంతా వినేట్టు. డబ్బులు మిగిలినా మనసుకు కష్టంగా ఉండేది. ఒకపక్క పెద్దవాడినయ్యానన్న మిడిసిపాటు, ఇంకోపక్క అమ్మ పరువు. ఆ వయసులో నేనెవరన్న ప్రశ్న పుస్తకాల్లో రాదు, హాఫ్ టికెట్ దగ్గరే వస్తుంది.

బడిలో ఇంకో గమ్మత్తు ఉండేది. మాస్టారు బయటికి వెళ్తూ లీడర్‌ని నిలబెట్టి, ‘మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి’ అంటారు. మొదటిసారి మాట్లాడితే పేరు, మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. ఇంటూకో దెబ్బ. లీడర్ కూడా నిన్నటిదాకా గోలీలాడిన నేస్తమే. తుడిపించుకోవడానికి బలపం ముక్కో రేగుపళ్ళో ఇస్తామని సైగలు. తుడిపేస్తే మిగిలినవాళ్ళు మాస్టారికి చెప్తారు. తుడపకపోతే సాయంత్రం కటీఫ్, తెలంగాణలో అయితే కచ్చి. లీడర్ గిరీ ఒప్పుకున్న పిల్లాడికి ఒక్క వారంలో తెలిసిపోయేది, నలుగురిలో ఒకడిగా ఉండటం వేరు, నలుగురి మీద ఉండటం వేరు అని. కొందరికి అదే రుచి పట్టి పంచాయతీ ఎన్నికల దాకా వెళ్ళారు.

వావివరసలు అమ్మమ్మల చేతిలో ఉండేవి. నియమం చూస్తే రెండు ముక్కలే. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలు తోబుట్టువులు. నాన్న అక్కచెల్లెళ్ళ పిల్లలు, అమ్మ అన్నదమ్ముల పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బావమరుదులు. మొదటివాళ్ళతో పోట్లాడాలి, రెండోవాళ్ళతో మేళమాడాలి. ఈ రెండూ తారుమారైతే పెళ్ళిళ్ళలో గోలైపోతుంది. తెలియని చుట్టాలు వస్తే అమ్మమ్మ ఇద్దరికీ తెలిసిన ఒక మనిషిని పట్టుకుని అక్కణ్ణుంచి లెక్క కట్టేది. ‘ఆవిడ మా మామగారి తమ్ముడి కోడలికి చెల్లెలు, అంటే నాకు వరసకి చెల్లెలు, నీకు అమ్మమ్మే అవుతుంది.’ వచ్చిన ఆవిడకి పాతికేళ్ళు! అయినా అమ్మమ్మే. రెండు దారుల్లో రెండు వరసలు తేలితే దగ్గరి చుట్టరికాన్నే పట్టుకునేవారు. ఇలా ఒక పిల్లాడే ఒకరికి అన్న, ఒకరికి బావ, ఒకరికి బాబాయి, ఇంకొకరికి ఏకంగా తాత. గదిలోంచి వసారాలోకి వచ్చేలోపు గొంతూ నడకా మారిపోయేవి. తర్వాత పట్నాల్లో అంకుల్, ఆంటీ వచ్చి ఈ లెక్కలన్నిటినీ ఒక్క గీతతో కొట్టేశాయి. పిల్లల పని తేలికైంది, కాదనను. అమెరికాలో పెరిగిన మనవడికి పిన్నీ, మేనత్తా ఇద్దరూ ఆంటీలే అయినప్పుడు, ఎవరి దగ్గర చనువు తీసుకోవాలో ఎవరి దగ్గర ఒదిగి ఉండాలో వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ వరసలు కులం గీత దాటి కొంతదూరం వెళ్ళేవి. ఊళ్ళో వడ్రంగిని మామా అనీ, పాలుపోసే ఆవిణ్ణి అక్కా అనీ పిలిచేవాళ్ళం. అయితే అది ఎక్కడ ఆగిపోయేదో కూడా చెప్పుకోవాలి. తల నెరిసిన పాలేరుని మోతుబరి ఇంటి ఏడేళ్ళ పిల్లాడు ‘ఒరే’ అనేవాడు. ఆయన ‘అయ్యా’ అనేవాడు. పాలేరు కొడుకూ ఏడేళ్ళవాడే, పక్కనే నిలబడి ఇది వినేవాడు. ఇద్దరు పిల్లలకీ ఒకే క్షణంలో ఎవరి చోటు వాళ్ళకు నేర్పేసిన పాఠమది. బడి అవసరం లేకపోయింది.

ఎంగిలి సంగతీ అంతే. ఎంగిలి నియమానికి పిల్లలే కనిపెట్టిన విరుగుడు కాకి ఎంగిలి. ఒక్కటే పప్పుచెక్క ఉంది, ఇద్దరు తినాలి. చొక్కా అంచు పైకి లాగి, పప్పుచెక్కని గుడ్డలో చుట్టి, గుడ్డ మీంచే పళ్ళతో పటుక్కున కొరకాలి. ముక్కకి నోరు తగల్లేదు కాబట్టి ఎంగిలి కాదు. జామకాయ, మామిడికాయ, జీడి, దేనికైనా ఇదే. చొక్కా అంచున పసుపు మరకలు, నూనె జిడ్డు. ఇంటికెళ్ళాక దానికి దెబ్బలు. గుడ్డ అప్పటికే చెమటతో మాసి ఉండేదనేది ఎవరికీ పట్టలేదు. ఈ కాకి ఎంగిలి స్నేహితుల మధ్య అన్ని కులాలకూ చెల్లేది, వీధిలో. అదే నేస్తం ఇంటికొచ్చి దాహమంటే కొన్ని ఇళ్ళల్లో నీళ్ళు దోసిట్లో పోసేవారు, హోటళ్ళలో వేరే గ్లాసు ఉండేది. దోసిలి పట్టిన పిల్లాడు మర్నాడు ఆటకు వచ్చేవాడు, ఏమీ అనకుండా. వాడు లెక్కలో ఉన్నాడో లేడో ఆ వీధి ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. పాతరోజులు బాగుండేవని నిట్టూర్చే మనం, ఎవరికి బాగుండేవో కూడా చెప్పి నిట్టూర్చాలి.

బంతి భోజనాల్లో పైకెక్కే మెట్లు స్పష్టంగా ఉండేవి. మొదట అమ్మ పక్కన సగం ఆకు. తర్వాత పిల్లల బంతిలో సొంత ఆకు, కొస ఎడమ చేతివైపు ఉండాలని తెలియక తిప్పివేసుకుని తిట్లు. ఆపైన వడ్డన. ముందు మంచినీళ్ళు, తర్వాత ఉప్పూ అప్పడాలూ, చెయ్యి కుదిరాక కూరలు, మీసాలొచ్చాక అన్నం, పప్పు. నెయ్యి మాత్రం ఇంటివాళ్ళలో నమ్మకస్తులకే. వడ్డనలో తప్పు జరిగేది గరిటె దగ్గర. జానెడు ఎత్తునుంచి వెయ్యాలి. గరిటె ఆకుకి తగిలిందా, ఆ గిన్నెలో ఉన్నదంతా ఎంగిలి. మరీ ఎత్తునుంచి వేస్తే పులుసు చొక్కాల మీద చిందుతుంది. ‘చాలు’ అన్నవాళ్ళకు ఇంకో గరిటె వెయ్యాలి, చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకు వెయ్యకూడదు. ఈ రెంటికీ మధ్య తేడా ఎవరూ చెప్పరు. వంగి వడ్డిస్తూ ఎదుటివాళ్ళ మొహం చూసి పట్టుకోవాల్సిందే. పెళ్ళైపోయాక ఎవరో పెద్దాయన ‘ఆ కుర్రాడెవరోయ్, చురుగ్గా వడ్డించాడు’ అన్నాడని ఇంటికి తెలిస్తే ఏడాది పాటు చాలేది.

ఎందుకంటే మొహం మీద పొగడటం అప్పట్లో లేదు. పొగిడితే ఆయుక్షీణం, దిష్టి. బుగ్గన నల్లచుక్క పెట్టేది అందుకే కదా. ఫస్టు మార్కు తెచ్చుకున్నా ‘సరేలే, కాళ్ళు కడుక్కో’ అనేవారు. మంచి మాట వినాలంటే వేసవి రాత్రి ఆరుబయట మంచం మీద నిద్రపోతున్నట్టు నటించాలి. పక్క మంచాల మీద పెద్దలు మాట్లాడుకుంటారు: ‘చిన్నాడు లెక్కల్లో గట్టివాడండీ. పెద్దాడే కాస్త మెతక.’ చిన్నాడు దుప్పట్లో నవ్వుకుంటాడు. ఆ పక్కన పెద్దాడూ మేలుకునే ఉంటాడు. 1902లో చార్లెస్ కూలీ అనే అమెరికన్ ఆచార్యుడు చెప్పింది దీని గురించే: ఎదుటివాళ్ళకు ఎలా కనబడుతున్నామో ఊహించుకుంటాం, దాన్ని వాళ్ళెలా తూస్తున్నారో ఊహించుకుంటాం, దాన్నిబట్టి గర్వమో సిగ్గో పడతాం. మంచాల మీద ఊహించుకునే పని కూడా లేకపోయింది, చెవులారా వినిపించేది. మెతక అనిపించుకున్నవాడు నలభై ఏళ్ళు వచ్చినా బ్యాంకులో లోను అడగడానికి తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళడం మనందరం చూసిందే. పిల్లలు మేలుకుని వింటున్నారని తెలిసే కొందరు పెద్దలు గొంతు పెంచేవారని ఇప్పుడనిపిస్తుంది. అది తెలివైన పెంపకమో క్రూరమైన పెంపకమో, అన్న మాటనిబట్టి ఉంటుంది.

ఆడపిల్లలకు నలుగురిలో మాట్లాడటం పేరంటం పిలుపుల్లో వచ్చేది. శ్రావణ శుక్రవారం, ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి కుంకుమ భరిణె ఇచ్చి పంపేవారు. గుమ్మం బయట నిలబడి వరసపెట్టి పిలవాలి. మనిషి ఎదుటికి వచ్చాకే చెప్పాలి: ‘అత్తయ్యగారూ, సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రమ్మంది అమ్మ.’ బొట్టు పెట్టాలి, ఆవిడ వంగితేగాని అందదు. ఇంట్లో లేకపోతే తలుపుకి బొట్టు పెట్టి, పక్కింట్లో చెప్పి రావాలి. ఒక ఇల్లు మర్చిపోతే రెండు కుటుంబాల మధ్య మాటలుండవు. ఇన్ని నేర్పి, చివర్లో గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పేవారు: ఫలానా ఇంట్లో కోడలికే పెట్టు, అత్తగారికి పెట్టకు. పిల్ల వెళ్ళేసరికి ఆ అత్తగారే ఎదురొచ్చి, భరిణె చూసి, తనే ‘ఉండమ్మా, కోడల్ని పిలుస్తా’ అని లోపలికి తప్పుకునేది. ఆ పిల్లకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

పెద్దమనిషి అయిన రోజు ఆ పిల్ల లెక్క మొత్తం మారిపోయేది. ఓ మూల చాప, విడిగా కంచం, గ్లాసు, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, మేనమామ తెచ్చిన చీర, వీధి వీధంతా చూసిపోవడం. తన ఒంట్లో జరిగింది తనకంటే ముందు వీధికి అర్థమైనట్టుండేది. స్నానం అయ్యాక మళ్ళీ ఆటకు వెళ్దామని లేస్తే, ‘ఇంకెక్కడి ఆటలే’. నిన్నటిదాకా చెడుగుడు కూతలో మగపిల్లల్ని మించిన పిల్ల, అరుగు మీద కూచుని జడలల్లే పిల్ల అయిపోయేది. పేరంటాళ్ళ లెక్కలోకి వచ్చినరోజే వీధి లెక్కలోంచి పోయేది. మగపిల్లలకు అలాంటి రోజంటూ లేదు. లుంగీ కట్టినప్పుడా, ఒంటరిగా ఊరెళ్ళినప్పుడా, వినాయక చవితి చందా పుస్తకం చేతికిచ్చినప్పుడా, ఎవరూ చెప్పలేరు. అందుకే కాబోలు కొంతమందికి ముప్ఫై దాటినా తేలదు.

పెళ్ళయ్యాక ఆడపిల్లకు ఇంటిపేరు పోయేది. కొన్ని ఇళ్ళల్లో తోడికోడలికీ అదే పేరుందని అసలు పేరు కూడా మార్చేవారు. ఆపైన ఫలానావారి కోడలు, ఆ తర్వాత బుజ్జి వాళ్ళమ్మ. పెళ్ళిలో వచ్చిన స్టీలు బిందె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు కూడా చదివించినవాళ్ళదే, ఆవిడది కాదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్య రాత్రి బళ్ళు నడిచాయి. దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగింది ఆ రోజుల్లోనే. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదే ఊపులో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మొదలయ్యాయి, డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. పది పదిహేను మంది ఒక సంఘం. రచ్చబండ దగ్గరో ఎవరింటి వసారాలోనో కూచుని, రిజిస్టరు తెరిచి హాజరు పిలుస్తారు. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఊళ్ళో అంతమంది ముందు తన పేరు పైకి వినబడటం చాలామందికి అదే మొదలు. కొందరు సిగ్గుపడి పలికేవారు కారు. పక్కావిడ మోచేత్తో పొడిస్తే ‘ఆఁ’ అనేవారు. వేలిముద్ర చాలదు, సంతకం నేర్చుకోమన్నారు. మట్టిలో, పలక మీద, పిండి చల్లిన చేటలో దిద్దారు. గుణింతాలు, ఒత్తులు ఉన్న పేర్లవాళ్ళకు మరీ కష్టం. లక్ష్మి అనే రెండక్షరాల్లో ఎన్ని మెలికలున్నాయో వాళ్ళనడగాలి. మొదటి నెలల్లో సంఘం లీడరు అలవాటు కొద్దీ ‘బుజ్జి వాళ్ళమ్మ, ముప్ఫై రూపాయలు’ అని రాసేది. పుస్తకం చూసిన బ్యాంకు మేనేజరు ఆ కాగితం వెనక్కిచ్చి, ‘ఇలా కుదరదమ్మా, ఈవిడ పేరేంటి?’ అన్నాడు. అడిగితే ఆ చుట్టూ కూచున్నవాళ్ళలో సగం మందికి తెలియదు. ఆవిడనే అడిగి రాశారు.